మాధవి ప్రశ్న

మన గృహములలో "పిల్లవాడు చదువుచున్నాడు" అను మాటకు రెండర్థములు కలవు. అక్షరములు తప్పులేక బిగ్గరగా పలుకుట యొకటి. పలికినదానిని గ్రహించుట రెండవది. మొదటిది చెవికి వినబడును, రెండవది వినబడదు. వినబడుదానిని మెచ్చుకొనుట సులభము గావున తలిదండ్రులును ఉపాధ్యాయులును తఱచుగా మొదటిదానితోనే తృప్తి నొందుచుందురు. పిల్లవాడు పుటను గడగడ చదివి ముగించిన పిమ్మట "ఈ కథలో ముసలమ్మ ఏల యేడ్చినది?" అని యడిగి చూడుడు. ఆ కారణము పుస్తకమున స్పష్టముగా వ్రాసియుండనియెడల ఆ బాలుడు మన మొగము చూచును. అచ్చుపడిన మాటలను వాడు చదివెను. అచ్చుపడని మాటను చదువుట వాని కెవ్వరును నేర్పలేదు.

ఈ అచ్చుపడని మాటను గ్రహించు శక్తికి మన తర్కశాస్త్రమున అనుమానమని పేరు. నిత్యవ్యవహారమున ఈ పదమునకు పట్టిన దుర్దశ చూడుడు. "వానిది అనుమానపు బుద్ధి" యన్నచో అది నింద. "నాకు అనుమానముగా నున్నది" యన్నచో అది సందేహము. శాస్త్రమునందో, ప్రత్యక్షము వెనువెంటనే నిలుచు ప్రమాణ మిది. తెలుగుసీమ పండితుడగు అన్నంభట్టు బాలురకు సులభముగా తెలియుటకై వ్రాసిన తర్కసంగ్రహమున దీనికి చూపిన దృష్టాంతము మన వంటయింటిదే. వంటయింట పొగయున్నచోట నిప్పుండుట పలుమాఱులు చూచినవాడు, దూరమున కొండమీద పొగను చూచి అచ్చట నిప్పున్నదని నిశ్చయించును. నిప్పును వాడు చూడలేదు; అయినను వాని మాట వట్టి ఊహ కాదు. దాని వెనుక గుర్తున్నది, ఆ గుర్తు వెనుక అనుభవమున్నది.

ఈ విద్యను పుస్తకము చదువు బిడ్డకు నేర్పుట యెట్లు? దీనికి దూరదేశముల గ్రంథములనే వెదకనక్కఱలేదనియు, కృష్ణాడెల్టాలోని కూచిపూడి గ్రామము దీనినే మఱియొక రూపమున శతాబ్దులుగా నేర్పుచున్నదనియు మా యభిప్రాయము. దానిని చరిత్రక్రమమున చదువరుల ముం దుంచుచున్నాము.

మొదట లోపమెట్టిదో చూతము. ఇది నేటిది కాదు. 1822లో మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో రాజధానియందలి దేశీయ పాఠశాలల లెక్కలు పంపుడని కలెక్టరుల కుత్తరువు చేసెను. కూచిపూడి ప్రాంతము చేరియుండిన మచిలీపట్టణము జిల్లానుండి 484 పాఠశాలలున్నట్లు లెక్క వచ్చెను. రాజధాని యంతటిలో పాఠశాలలును ఉన్నతవిద్యాస్థానములును కలిసి 12,498 అని మన్రో 1826లో వ్రాసెను. ఇంత విరివిగా బడులుండుట మనకు గర్వకారణమే. అరుగులమీదను చెట్లనీడలను నడచిన ఆ వీధిబడులకు పెద్ద ధనము లేదు, పెద్ద భవనము లేదు. ఊరివారి ధాన్యముతోను దక్షిణలతోను అవి నిలిచినవి.

ఆ కలెక్టరులలో విపులముగా వ్రాసినవాడు బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్. ఆయన 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును ప్రకటించినవాడు గావున, ఆయన మాటను భాష యెఱుగని పరదేశీయుని మాటగా త్రోసివేయ వీలులేదు. తన జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులని 1823లో ఆయన తెలిపెను. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుటను, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించుటను ఆయన మెచ్చుకొనెను. ఈ రెండవ పద్ధతిని ఇంగ్లాండువారును అనుకరించిరని చెప్పెను. కాని లోపమును దాచలేదు. బడిలోని పుస్తకములు పద్యములుగా నుండుటచేతను, వాని భాష ఇంటిభాషకు దూరమగుటచేతను, బాలుడు లెక్కలేనన్ని పద్యములు ఒప్పగింపగలిగియు, వాని యర్థమును గూర్చి మాటలు నేర్చిన చిలుక కెంత తెలియునో అంతే యెఱుగునని ఆయన తీర్పు.

తీర్పు కఠినమే. అయినను మన యిండ్లలోనే దీనిని పరీక్షింపవచ్చును. ఉప్పును కర్పూరమును చూపున కొక్కటిగా నుండి రుచిలో వేఱగుటను గూర్చి వేమన చెప్పిన పద్యము రాని తెలుగు బిడ్డ యరుదు. ఒప్పగించిన బిడ్డను "రుచి చూడకముందు రెండును ఒక్కటే యనుకొన్నవాడు మొదట దేనిని చూచి మోసపోయినాడు?" అని యడుగుడు. పిమ్మట "మనుష్యుని విషయమున రుచి చూచుట యనగా నేమి?" అని యడుగుడు. ఈ రెండవ ప్రశ్నకు జవాబు పద్యమున లేదు. మనుష్యుని రూపము చూచిన చాలదు, వానితో మెలగి వాని నడత నెఱుగవలెనని బిడ్డ తానై కూర్చుకొనవలెను. పద్యము సగము దూరము తెచ్చి విడిచినది. తక్కిన సగము చదువరి నడువవలెను. వీధిబడి యా మొదటి సగమును కంఠస్థము చేయించి, రెండవ సగమును కాలమున కప్పగించినది. పెద్దయైన పిమ్మట అర్థము తనంతట తెలియునని పెద్దలు నమ్మిరి. కొందఱికి తెలిసినది; పెక్కండ్రకు పద్యము నోటనే నిలిచిపోయినది.

అట్లని మన గ్రామములందు అనుమానశక్తి కొఱవడినదని చెప్పుట పొరపాటు. పగలు బడిలో అర్థము తెలియక పద్యము చదివిన ఆ బాలుడే రాత్రి వీధిలో భాగవతుల ఆట చూచుచు, తెరమీద వ్రేలాడిన జడను చూచినంతనే లోపల నున్న స్త్రీ యెంత అతిశయము కలదో గ్రహించెడివాడు. పొడుపుకథ వేసిన నాయనమ్మకు జవాబు చెప్పెడివాడు. అక్షరమునకు దూరముగా నున్నపుడు వాని బుద్ధి చుఱుకుగా పనిచేసెను. అక్షరము ముందు కూర్చుండినపుడు ఆ బుద్ధి నిదురించెను. ఈ వింతయే మన విచారమునకు మూలము.

కూచిపూడి పేరు వినబడు పాతవ్రాతలలో మాచుపల్లి కైఫియతు ప్రసిద్ధము. కల్నల్ కాలిన్ మెకంజీ తన దేశీయ సహాయకులచేత ఊరూర సేకరింపించిన గ్రామవృత్తాంతములే కైఫియతులు. అందలి కథ యిది. సిద్ధవటపు సీమలో సమ్మెట గురవరాజను పాలకుడు ధనము కొఱకు ప్రజలను, విశేషించి స్త్రీలను, క్రూరముగా హింసించుచుండెను. కూచిపూడి భాగవతులు ఆ సంగతి నెఱిగి, విజయనగరము చేరి, వీరనరసింహరాయల యెదుట వేషములు కట్టిరి. ఒకడు గురవరాజయ్యెను, ఒకడు హింసపడు స్త్రీ యయ్యెను, తక్కినవారు భటులైరి. మొఱ పెట్టుకొనుటకు మాఱుగా ఆడి చూపిరి. రాజు ఇది వినోదమునకై కల్పించిన ఆట కాదని గ్రహించి, సంగతి విచారించి, సేనను పంపి గురవరాజును శిక్షించెను.

ఈ కథలో భాగవతుల ధైర్యమును అందఱును మెచ్చుకొందురు. మేము రాజు చేసిన పనిని గూర్చి రెండు మాటలు చెప్పదలచితిమి. రాజు ఎట్లు గ్రహించియుండును? ఆయన కన్నులకు కనబడినది ఆట మాత్రమే. కాని కొన్ని సంగతులను ఆయన ముందుగనే యెఱుగును: భాగవతులు పురాణకథలాడువారు, వారు ఊరూర తిరుగువారు, తిరుగువారి కన్నులకు కొలువులోనివారి కన్నులకు పడని విషయములు పడును. నేడు పురాణపురుషునికి మాఱుగా బ్రదికియున్న పాలకుని వేషమేల వచ్చినది? ఇట్లు కనబడినదానిని తెలిసినదానితో జతపఱచి, రెంటినడుమనున్న ఎడమును ప్రశ్నతో నింపినవాడే అర్థమును పట్టగలడు. పఠనమున బిడ్డ చేయవలసిన పనియు అక్షరాల ఇదియే. పుటమీదిది కొంత, బిడ్డ యెఱిగినది కొంత. ఈ రెండును కలిసినప్పుడే మూడవదగు అర్థము పుట్టును. బిడ్డకు లోకజ్ఞానము లేనిచో ఎంత తెలివియున్నను జత కుదురదు. లోకజ్ఞానముండియు ప్రశ్నించు అలవాటు లేనిచో ఆ జ్ఞానము మూలబడియుండును.

ఇచ్చటనే మఱియొక జాగ్రత్తయు కలదు. వీరనరసింహరాయలు 16వ శతాబ్ది తొలి దశకమున ఏలినవాడు. మెకంజీ 1821లో మరణించెను. జరిగినదనబడు సంగతికిని, అది మెకంజీ సంపుటములకెక్కిన కాలమునకును నడుమ సుమారు మూడువందల యేండ్లు గడచినవి. కావున ఈ కథను బిడ్డలకు చెప్పునపుడు "దీనిని వ్రాసిన దెవరు? ఎప్పుడు? వారి కెట్లు తెలిసినది?" అనియు అడుగవలెను. అడిగినంతమాత్రమున కథ అబద్ధమైపోదు. దాని బరువు తెలియును. పొగను చూచి నిప్పనుట అనుమానము. మంచును చూచి పొగ యనుకొని నిప్పనుట భ్రమ. ఈ భేదము నెఱిగినవాడు చరిత్రయే కాదు, వార్తాపత్రికయు సరిగా చదువగలడు.

ఇక కూచిపూడివారి విద్యకు వత్తము. విజయవాడకు ఆగ్నేయముగా, మచిలీపట్టణమునకు చేరువగా నున్న ఈ గ్రామము నేడు కృష్ణాజిల్లా మొవ్వ మండలము లోనిది. సిద్ధేంద్రయోగి ఈ యూరి బ్రాహ్మణబాలురకు భామాకలాపమును నేర్పి, ప్రతివాడును జీవితమున ఒక్కమాఱైనను సత్యభామ వేషము కట్టవలెనని మాట తీసికొనెనని పెద్దలు చెప్పుదురు. 1672 మొదలు 1687 వఱకు గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా వీరి ఆటకు మెచ్చి గ్రామమును అగ్రహారముగా నిచ్చెనని ఐతిహ్యము. వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల మున్నగు ఇంటిపేర్ల కుటుంబములు ఈ విద్యను తరతరములుగా కాపాడుకొనుచు వచ్చినవి. వీరి ఆటలో పాత్రధారి ఆడుటయే కాక పాడవలెను, మాటలాడవలెను. మాటకు అర్థము తెలియనివాడు మొగమున ఆ భావమును నిలుపజాలడు. కావున చిలుకపలుకు ఇచ్చట ఒక్క రాత్రియైన చెల్లదు.

భామాకలాపమున ఒక ఘట్టమును మా చదువరులలో పెక్కండ్రు చూచియుందురు. కృష్ణుని యెడబాటున నున్న సత్యభామ తన చెలికత్తెయగు మాధవిని రాయబారమునకు పంపగోరును. మాధవి "నీ భర్త పేరేమి?" అని యడుగును. పతి పేరు నోట పలుకుట నాటి యిల్లాండ్ర మర్యాద కాదు. సత్యభామ సిగ్గుపడును, పేరు చెప్పకయే పేరు తెలుపబూనును. మురళి పట్టినట్లు చేతులు నిలుపుట, తలమీద నెమలిపింఛమును సూచించుట వంటి సైగల అర్థము కృష్ణాతీరమున ఏ బిడ్డ యెఱుగడు? అయినను మాధవి తెలిసియు తెలియనట్లు నటించి, మరల మరల అడుగుచు, సత్యభామచేత ఒకటి వెనుక ఒకటిగా గుర్తులు చెప్పించును. సూత్రధారుడే మాధవి వేషమును నిర్వహించుట సంప్రదాయము. అనగా ఆటను నడుపు గురువంతటివాడే అందఱికంటె తక్కువ తెలిసినవానివలె నిలుచును. ముందు వరుసలో చాపమీద కూర్చుండిన పిల్లలు నవ్వుదురు, ఉండబట్టలేక "కృష్ణుడు! కృష్ణుడు!" అని అఱతురు.

ఆ పిల్లలచేత ఆ పేరు ఎవరు చెప్పించిరి? సత్యభామ చెప్పలేదు, మాధవి చెప్పలేదు. గుర్తులిచ్చినది సత్యభామ, జవాబును తానుగా చెప్పివేయక, తెలియనట్లు నిలిచి, జవాబునకు చోటు విడిచినది మాధవి. మన ఉపాధ్యాయులును తలిదండ్రులును నేర్వవలసిన విద్య యీ మాధవిదే. మనము సాధారణముగా చేయున దేమి? పాఠము చదివించి, బిడ్డ నోరు తెఱచులోపల "దీని తాత్పర్యమేమనగా" అని మనమే ప్రారంభింతుము. తాత్పర్యము వ్రాయింతుము, వల్లె వేయింతుము. వీధిబడి పద్యమును వల్లె వేయించినది. మనము తాత్పర్యమును వల్లె వేయించుచున్నాము. చిలుక మాఱలేదు, పలుకు మాత్రము మాఱినది.

కూచిపూడికి కూతవేటు దూరమున మొవ్వ యున్నది. 17వ శతాబ్ది పదకర్త క్షేత్రయ్య ఆ యూరి గోపాలుని పేరనే పదములు చెప్పెను. ఆ పదములలో నాయిక చెప్పునది కొంచెము, దాచునది హెచ్చు. అభినయించువారు ఒక్క చరణమును మరల మరల పాడించుకొని, ఒక్కొక్కమాఱు ఒక్కొక్క భావమును చూపుదురు; దీనిని సంచారి యందురు. "ఇంత ఆలస్యముగా వచ్చితివా?" అను భావము కలిగిన ఒక్క మాటలో కోపముండవచ్చును, భయముండవచ్చును, ఊఱటయు నుండవచ్చును. ఏది తగునో ముందు వెనుకల మాటలనుబట్టి శిష్యుడు తేల్చుకొనవలెను. తగనిదానిని చూపినచో గురువు "ఈ భావము నీకు ఎక్కడ కనబడినది?" అని యడుగును. చదువుచున్న బిడ్డను మన మడుగవలసిన ప్రశ్నయు నిదియే.

1917వ సంవత్సరమున జరిగిన రెండు పనులు ఈ సందర్భమున స్మరింపదగినవి. కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున పుట్టి, పిదప చీరాల పేరాల పోరాటమును నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషున కనువదించిరి. ఆ గ్రంథము అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ప్రచురణగా 1917లో వెలువడెను. అదే సంవత్సరమున అదే అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అను మనశ్శాస్త్రవేత్త చదువుట యనగా తర్కించుటయే యని నిరూపించు వ్యాసమును ప్రకటించెను. బాలబాలికలకు ఒక చిన్న ఖండికనిచ్చి ప్రశ్నలడిగి, వారి తప్పుజవాబులను ఆయన పరిశీలించెను. ఒక ఖండికను గ్రహించుట గణితమున లెక్కను సాధించుట వంటిదనియు, ఏ మాటకెంత బరువీయవలెనో తేల్చుకొనలేక బిడ్డలు తప్పుచున్నారనియు ఆయన చెప్పెను. ఒక మాటకు తగిన బరువునిచ్చి చూపుటయే గదా అభినయము! ఒకరినొకరు ఎఱుగకయే యీ రెండు గ్రంథములును ఒక్క సత్యమునే తాకినవి.

కూచిపూడిని పొగడుచు దాని కొఱతను దాచుట న్యాయము కాదు. సత్యభామ హృదయము నంత సూక్ష్మముగా ఎఱిగిన ఈ విద్యలో చిరకాలము స్త్రీకి చోటు లేదు. మగబిడ్డలు స్త్రీవేషము కట్టి స్త్రీ మనసును అభ్యసించిరి. ఆ యింటి ఆడబిడ్డలు తలుపు చాటున నిలిచిరి. పరుల మనసును తన మనసుగా ఊహించుట అనుమానవిద్యలో మిక్కిలి కష్టమైన పాఠము. ఆ పాఠమును పురుషులకు నేర్పి స్త్రీలకు నిషేధించుట మన సంఘపు వింత. 20వ శతాబ్దిలో ఆ తలుపు తెఱచుకొనినది. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున నెలకొల్పిన కూచిపూడి ఆర్ట్ అకాడమీలో ఎందఱో బాలికలు ఈ నాట్యము నభ్యసించిరి. నేడు లోకమంతట కూచిపూడి నాడువారిలో స్త్రీలే పెక్కండ్రు. మూసిన తలుపు తెఱచుటవలన కళ చెడలేదు, విస్తరించినది. పఠనవిద్యయు నట్లే, ఏ కులమువారి బిడ్డనైనను, ఏ ఆడపిల్లనైనను "నీకు అక్షరములు చాలును" అని నిలుపుట మనకు తగదు.

అచ్చుపుస్తకము వచ్చిన పిమ్మటను లోపము మిగులుటకు మఱియొక కారణము భాష. బిడ్డ ప్రతి పంక్తిలోను తెలియని పదములతో పెనగులాడుచుండినచో, చెప్పని మాటను వెదకుటకు వానికి తీరిక యెక్కడిది? క్యాంబెల్ 1823లో చూపిన ఈ యడ్డంకినే 20వ శతాబ్ది ప్రారంభమున గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) మఱింత లోతుగా చూచిరి. పాఠశాలల పరీక్షాధికారి జె. ఏ. యేట్సు పుస్తకభాషకును నోటిభాషకును ఇంత ఎడమేల యని ప్రశ్నింపగా, ఆ ప్రశ్నను పట్టుకొని రామమూర్తిగారు జీవితాంతము పోరాడిరి. ఆ వివాదమును భాషాపండితుల కలహముగా మాత్రమే తలచుట చాలదు; బిడ్డ బుద్ధికి విశ్రాంతి నిచ్చి, అర్థమును వెదకనిచ్చుట అందలి ప్రాణము. నేటి వాచకములు చాలవఱకు తెలిసిన తెలుగున నున్నవి. అడ్డంకి తగ్గినది, అడుగువారు మాత్రము ఇంకను తక్కువ.

అడ్డంకి లేకున్నను లోపము మిగులవచ్చునని నూతన పరిశోధనలు చూపినవి. ఇంగ్లాండున జేన్ ఓక్‌హిల్, నికోలా యూయిల్ అను విదుషీమణులు 1980ల దశకమున ఏడెనిమిదేండ్ల బిడ్డలను పరిశీలించిరి. పదములను చక్కగా చదివియు, కథను గ్రహింపజాలని బిడ్డలు కొందఱు వారికి కనబడిరి. వారికి కొఱవడినది అనుమానశక్తి. ఒక్కొక్క మాట యేమి సూచించుచున్నదో చూచుట, కథపై తామే ప్రశ్నలు వేసికొనుట, మఱుగుపడిన భాగమును ఊహించుట అను మూడింటిని నేర్పగా ఆ బిడ్డలు గ్రహణమున మెఱుగుపడిరి. కావున ఇది పుట్టుకతో వచ్చు తెలివి మాత్రమే కాదు, నేర్పినచో వచ్చు విద్య. మన కేంద్రప్రభుత్వమును 2021 జూలైలో నిపుణ్ భారత్ అను పథకమును ప్రకటించి, మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డయు అర్థము గ్రహించుచు చదువగలుగవలెనని లక్ష్యముగా నుంచినది. లక్ష్యము ఢిల్లీలో వ్రాయవచ్చును; దానిని సాధించుట మన వసారాలలో జరుగవలెను.

ఇంట దీని నెట్లు సాధింపవలెనో ఒక చిన్న ఉదాహరణముతో చూపెదము. ఈ నాలుగు వాక్యములను బిడ్డచేత చదివింపుడు: "సీత బడినుండి వచ్చినది. సంచిని కడుపునకు హత్తుకొని వంగి నడచుచున్నది. తల్లి పొడి తువాలు తెచ్చి, గడపలోనే నిలువు తల్లీ, అనెను. సీత తల తుడుచుకొనక ముందు సంచి విప్పి పుస్తకమును చూచెను." ఇందు వాన యను మాట లేదు. "త్రోవలో ఏమి జరిగినది?" అని మాధవివలె తెలియనట్లు అడుగుడు. వాన యని బిడ్డ చెప్పును. "నీ కెట్లు తెలిసినది?" అని యడుగుడు. పొడి తువాలును, హత్తుకొనిన సంచియు గుర్తులని వాడు చూపవలెను. "పుస్తకము ముందు చూచుటచేత సీత యెట్టి పిల్ల?" అని యడుగుడు. "గడపలో నేల నిలువుమనెను?" అనుదానికి ఇల్లు తడియునని యొకడు, అప్పుడే అలికిన నేల యని మఱియొకడు చెప్పవచ్చును, రెండును తగినవే. "ఆ పుస్తకము స్నేహితురాలిది" అని యొక బిడ్డ యనినచో కొట్టివేయకుడు, "ఏ మాటనుబట్టి?" అని మాత్రమడుగుడు. చూపుటకు మాట లేదని వాడే తెలిసికొనును. అనుమానమునకును కల్పనకును గల యెల్లను ఆ బిడ్డ తానై గీచుకొనెను.

ఈ పద్ధతికి కొన్ని నియమములు కలవు. మొదటిది, అడిగిన పిమ్మట ఊరకుండుట. బిడ్డ యాలోచించు నిమిషము మనకు దీర్ఘముగా తోచును. అయినను ఆ మౌనము వానిది, దానిని మనము దోచుకొనరాదు. రెండవది, తప్పుజవాబును పరిహసింపకుండుట. ఒకమాఱు నవ్వులపాలైన బిడ్డ మఱి చెప్పని మాట జోలికి పోక, చెప్పిన మాటనే అప్పగించి బ్రదుకును. మూడవది, లోకమును చూపుట. నాటు వేయు చేను, లాకులకడ ఎత్తి దింపబడు కాలువనీరు, సంతలో బేరము, ఆసుపత్రిలో వరుస, ఇవి చూచిన బిడ్డకు పుస్తకమున గుర్తులు పట్టుట సులభము. నాలుగవది, చదువుటకు ముందే వినుట. అక్షరములు రాని నాలుగేండ్ల బిడ్డయు విన్న కథలో చెప్పనిదానిని పట్టగలడు. కావున చదువురాని తల్లియు ఈ విద్యకు గురువు కాగలదు, కథ చెప్పి నడుమ నాపి "తరువాత ఏమగునో చెప్పు, ఎందుచేత?" అని యడుగుటకు అక్షరజ్ఞానము వలయునా?

ఇంత శ్రమ యేల యని కొంద ఱడుగవచ్చును. పరీక్షలో మార్కులు వచ్చుచున్నవి గదా యందురు. పరీక్ష యొక్క దినముది, చదువు జీవితాంతమునది. అప్పుపత్రమున వ్రాసినది చదివి, వ్రాయనిదానిని పసిగట్టలేనివాడు పొలము పోగొట్టుకొనును. మందుసీసాపై "భోజనానంతరము" అని చదివి, ఉత్తకడుపున తీసికొనరాదని గ్రహింపనివాడు రోగము పెంచుకొనును. ఎన్నికల ప్రసంగమున చెప్పినదానిని విని, చెప్పక విడిచినదానిని అడుగలేని పౌరునికి ఓటుండియు బలము లేదు. నేడు ప్రతి చేతిలోని ఫోనులోనికి గంటకొక వార్త వచ్చుచున్నది. ఎవరు వ్రాసిరి, ఎందుకు పంపిరి, సాక్ష్యమేమి యని ఆలోచింపని అక్షరాస్యుడు, నిరక్షరాస్యునికంటె సులభముగా మోసపోవును. అక్షరము వానిచేతికి దీపము కాలేదు, పరుల చేతికి పగ్గమైనది.

కావున గృహస్థులైన చదువరులకు మా విన్నప మొక్కటి. సాయంకాలమున బిడ్డ పుస్తకము తెఱచినపుడు ఎన్ని పుటలు ముగించెనో లెక్కింపక, ఒక్క పుటలో చెప్పని మాట యొక్కటి పట్టెనా యని చూడుడు. కొడుకు నడిగినట్లే కూతు నడుగుడు. జవాబు మనకు తెలిసినను తెలియనట్లు నిలుచు ఓపికను అలవఱచుకొనుడు. ఆ ఓపిక కూచిపూడి రంగస్థలమున మాధవికి వన్నె తెచ్చినది; మన యిండ్లలో అది బిడ్డకు బుద్ధినిచ్చును.